గుమ్మం ముందు నీళ్లు

దోచ్కా బల్గేరియాలోని మా ఊళ్లో, కూరగాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో టమాటాల తొక్క ఒలిచే పని చేసేది. భర్త లాల్యో పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించేవాడు. ఒక పెళ్లిలో కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి నడకను అనుకరించి జనాన్ని నవ్వించినందుకు అతన్ని కొండ అవతలి రాతి క్వారీలోని ఖైదీల శిబిరానికి పట్టుకుపోయారు. రొట్టె మూటతో కంచెదాకా వెళ్లిన దోచ్కా, కాపలాదారు మింకో అతన్ని కర్రతో కొట్టడం చూసింది. లాల్యో మళ్లీ లేవలేదు. గుండె ఆగి పోయాడని కబురు వచ్చింది.

తర్వాత కట్టిన అపార్ట్‌మెంట్లలో మింకోకి సరిగ్గా ఆమె ఇంటి పైఅంతస్తే ఇచ్చారు. తను చూసిన సంగతి అతనికి తెలుసో లేదో ఆమెకు తెలియదు. ఏళ్ల తరబడి అతని అడుగుల చప్పుడు కిందే నిద్రపోయింది.

కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయాక శిబిరం మీద విచారణ మొదలైంది. సాక్ష్యం చెప్పడానికి జిల్లా కేంద్రానికి రమ్మని దోచ్కాకు పిలుపు వచ్చింది. ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పొద్దున తలుపు తీసేసరికి ఎదురుగా మింకో, చేతిలో రాగి చెంబు. పరీక్షకు వెళ్లే పిల్లల ముందు, సైన్యానికి వెళ్లే కుర్రాళ్ల ముందు మావాళ్లు నీళ్లు ఒలకబోస్తారు, పని నీళ్లలా సాఫీగా సాగాలని.

“ఏం వదినా, మంచి కోటేసుకున్నావ్. పెళ్లిచూపులా?”

“పళ్ల డాక్టరు దగ్గరికి.”

“జిల్లాకేనా?”

జిల్లా అని ఆమె అనలేదు.

మింకో నీళ్లు ఆమె బూట్ల ముందు మెల్లగా పోశాడు. “వెళ్లిరా. మా ఆవిడ మిరపకాయలు కాలుస్తోంది, నీకో గిన్నె తీసిపెడతాలే. నువ్వొచ్చేదాకా మేలుకునే ఉంటాను.”

నీళ్లు పోసినవాళ్లకు కృతజ్ఞత చెప్పాలి. దోచ్కా చెప్పింది.

ఆఫీసులో యువ ప్రాసిక్యూటర్ కాఫీ ఇప్పించాడు. ఆమె కప్పు పక్కకు జరిపింది.

“కొట్టిందెవరో చూశారా అమ్మా?”

తలుపు వెయ్యమని అడిగింది. వేశాక కూడా కొంతసేపు దానివైపే చూసింది.

“మింకో. మా పైఇంట్లో ఉంటాడు.”

టైపిస్టు ఆ పేరు టైపు చేసింది.

“ఇది అతనికి ఎప్పుడు తెలుస్తుంది బాబూ?”

“విచారణకు పిలిచినప్పుడు చదివి వినిపిస్తాం. భయపడకండి, ఇప్పుడు వాళ్ల చేతుల్లో ఏమీ లేదు.”

“మరి నేనివాళ ఇక్కడికొస్తున్నానని అతనికెవరు చెప్పారు?”

ప్రాసిక్యూటర్ టైపిస్టు వైపు చూశాడు. టైపిస్టు తల ఎత్తలేదు.

సంతకం పెట్టాక కూడా దోచ్కా కుర్చీలోంచి లేవలేదు.

“మా ఊరి ఆఖరి బస్సు వెళ్లిపోయేదాకా నన్నిక్కడే కూర్చోనివ్వండి బాబూ,” అంది.