మామ ఎక్కించిన పురుగులు

ఈ ఉదయం మా పురుగుల పరిశోధన సంస్థలో కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థిని రెండు వందల ప్లాస్టిక్ గ్లాసులు కావాలని అర్జీ పెట్టింది. "పార్టీ ఏమైనా ఉందా మేడం?" అని గుమాస్తా నన్ను అడిగాడు. పేడపురుగులకు పార్టీ అన్నాను. అతను నవ్వలేదు గానీ, నాకు తొండూరు మామ గుర్తొచ్చి రోజంతా నవ్వుతూనే ఉన్నాను.

అప్పటికి నేను ఉద్యోగంలో పాతుకోలేదు. మా సంస్థ పెట్టెల్లో, రాగిరంగులో మెరిసే కొమ్ముల పేడపురుగు, ముత్తాతల కాలంలో పట్టింది, ఒకే ఒక్కటి ఉండేది. దాని చీటీ మీద వెలిసిపోయిన అక్షరాల్లో కడప జిల్లా అని తప్ప ఊరి పేరు కూడా లేదు. ఆ తర్వాత దాన్ని చూసినవారు లేరు. ఈ వానాకాలంలో దొరక్కపోతే ఆ జాతే ఇక లేదని రాసేద్దామన్నారు మా సారు. అలా రాస్తే దాంతోపాటు నా ప్రాజెక్టూ ముగిసినట్టే. ప్రొద్దుటూరులో గది తీసుకుని, జమ్మలమడుగు పక్క గుట్టల్లోనూ, తొండూరులో మా మేనమామ చేను గట్టునా గ్లాసులు అంచుదాకా పూడ్చి, అడుగున ఉప్పునీళ్లు పోసి, పైన పేడముద్ద వేలాడదీశాను. వాసనకు వచ్చిన పురుగు జారి గ్లాసులో పడాలి. మూడు రోజులకొకసారి బస్సెక్కి వెళ్లి చూసుకునేదాన్ని. జమ్మలమడుగు గ్లాసులు నిండేవి, కానీ అందులో నాకు కావలసింది లేదు. మామ చేలో మాత్రం ఒక్క పురుగూ పడేది కాదు. పెంటదిబ్బ పక్కనే ఉన్న చేలో పేడపురుగు లేకపోవడమేమిటో అర్థంకాక నాకు నిద్ర పట్టేది కాదు.

మామ సంగతి ఒకటి చెప్పాలి. ఆయన ఇంట్లో నీళ్లుండే గోలెం, తొట్టి, కడకు స్నానాల గాబు, దేంట్లో చూసినా ఒక కందిపుల్ల ఏటవాలుగా ఆనించి ఉంటుంది. చీమో ఉడతో పడితే ఎక్కి వస్తుందని. వాళ్ల నాయన నేర్పిన అలవాటట. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా నాకు తట్టలేదు చూడండి, అంత చదువూ దేనికి?

ఒకరోజు చెప్పకుండా తెల్లారేసరికి చేను చేరాను. మామ వంగి, గ్లాసు గ్లాసుకూ పుల్ల పెడుతున్నాడు.

"ఏంది మామా నువ్వు చేసేది?"

"నీళ్లు తాగను వచ్చి పడిపోతాండాయి పాపా. దినామూ ఎక్కిస్తాండా. నీళ్లు శానా ఉప్పగా ఉంటే మంచినీళ్లు గూడా మార్చినా. నువ్వొచ్చే దినం పుల్లలు తీసేస్తాలే, నీ పని చెడకూడదని."

గట్టు మీద కూలబడి ఏడ్చాను. వాన రోజులు అయిపోవస్తున్నాయి. గ్లాసులు ఎందుకు పెట్టానో అప్పుడు సంగతంతా చెప్పాక మామ ముఖం చిన్నబోయింది. "ఏ పురుగు కావాల నీకు?" అన్నాడు. ఫోనులో బొమ్మ చూపించాను.

"ఇదా? రాగిచెంబు మాదిరి మెరుస్తాదే. నిన్న గూడా ఎక్కించినా. రేగుపొద కాడ గలాసులోనే పడతాది, ఇంగ యాడా పడదు."

మర్నాడు తెల్లవారుజామున రేగుపొద దగ్గర, పుల్ల తీసేసిన గ్లాసులో రెండు కనబడ్డాయి. సంతోషం పట్టలేక మామను పట్టుకుని ఊపేశాను. ఆయన మాత్రం బేరం పెట్టాడు. "రెండూ వద్దు. ఒగటి తీసుకోపో." సరేనన్నాను. రెండోదాన్ని అరచేతిలో పెట్టుకుని, తానే పేడముద్ద మీద వదిలి వచ్చాడు. సంగతి విని మా సారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, కొత్త పురుగు చీటీలో కనుగొన్నవారి పేరు దగ్గర మామ పేరే రాయించారు.

పోయినేడు మామ మా సంస్థ చూడటానికి వచ్చాడు. పెట్టె తెరిచి చూపించాను. పాత పురుగు, పక్కనే ఆయన పురుగు, మధ్య వేలెడు సందు. ఆ సందులో మా లెక్కన మూడు తరాల మనుషులు వచ్చి వెళ్లిపోయారు. అన్నేళ్లూ అది లేదని మేమే అనుకుంటూ ఉన్నాం. అది మాత్రం వాన పడ్డప్పుడల్లా వస్తూనే ఉంది.