ముందు తియ్యరా

మా తమ్ముడి కుడిచెయ్యి విరగ్గొట్టింది నేనే. పట్టపగలు, మా మిర్చి కల్లంలో, వీల్ స్పానర్‌తో. ఊళ్ళో మాత్రం వేరేగా చెప్పుకున్నాను. వాడే నన్ను కారుతో గుద్ది చంపబోయాడని, ఆ పెనుగులాటలో దెబ్బ తగిలిందని చెప్పాను. నమ్మినవాళ్ళు నమ్మారు, నమ్మనివాళ్ళు నా నోటికి జడిసి తలూపారు. వాడు మా ఇల్లు విడిచి ఆరు నెలలు దాటింది. వాడు తిరిగి రావాలి. అంతకుమించి నాకిప్పుడు ఏ కోరికా లేదు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నాది మోటార్ల వైండింగ్ పని. పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడిలో ఏ బోరు మోటారు కాలినా చివరికి నా షెడ్డుకే చేరుతుంది. దాంతోపాటు నాలుగెకరాల కౌలు మిర్చి. తమ్ముడు ట్రాక్టర్ తోలేవాడు, మా ఇంట్లోనే ఉండేవాడు. వాణ్ణి నేనే పెంచానని నలుగురిలో చెప్పుకుంటాను గానీ, అన్నం పెట్టింది మా ఆవిడ, దెబ్బలు వేసింది నేను. రీడింగ్ సరిగ్గా చూపించలేదని మీటరును గోడకేసి కొట్టిన మనిషిని. కూరలో ఉప్పెక్కువైందని కంచం విసిరిన మనిషిని. ఆ కంచం అంచు మా ఆవిడ నుదుటికి తగిలింది. మచ్చ ఇంకా ఉంది.

కిందటేడు గుంటూరులో ఒక హైబ్రిడ్ కారు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. దాని సంగతి తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. అందులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, పెద్ద బ్యాటరీతో తిరిగే మోటారూ ఉంటుంది. ఆ పెద్దదాని జోలికి మనం పోకూడదు, పోతే ప్రాణం పోతుంది. అది కాక మామూలు కార్లలో ఉండేలాంటి పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ ఇంకోటి ఉంటుంది. తాళాలు, లైట్లు, కంప్యూటరు అన్నీ దాని మీదే మేలుకుంటాయి. ఆ చిన్నది చచ్చిందంటే పెద్దది ఎంత నిండుగా ఉన్నా కారు అంగుళం కదలదు.

మాది మూడుసార్లు చచ్చింది. మూడుసార్లూ తప్పు తమ్ముడిదేనని తేల్చేశాను. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌ను వాడు కారులోని సాకెట్‌కు తగిలించి చార్జింగ్ పెట్టేవాడు. అదీ బండి పూర్తిగా ఆన్ చెయ్యకుండా.

"అంత పెద్ద బ్యాటరీ ఉందిగా అన్నా, ఈ కాస్తకే తరిగిపోద్దా?" అనేవాడు.

తరిగేది పెద్దది కాదురా, చిన్నది అని నోటితో చెప్పాను. చేత్తోనూ చెప్పాను. మూడోసారి వాడి చెంప మీద నా ఐదువేళ్ళూ తేలాయి. అప్పటికి వాడికి ముప్పై రెండేళ్ళు.

అది మార్చి నెల. పొద్దున తొమ్మిదింటికే ఎండ మాడు పగలగొడుతోంది. ఎండిన కాయను టిక్కీల్లో, అంటే పెద్ద గోనె బస్తాల్లో తొక్కి, కల్లం చివర ఎత్తుగా పేర్చి ఉంచాం. కారు ముక్కు ఆ టిక్కీల వైపే ఉంది. మా ఆవిడ కారు వెనకాల, రేకుల నీడలో కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. గుంటూరు మిర్చి యార్డుకు బయలుదేరే ముందు చిన్న బ్యాటరీని ఒకసారి చూద్దామని మీటరు తీసుకున్నాను.

ఆ బ్యాటరీ వెనక సీటు పక్కన, ఒక మూత కింద ఉంటుంది. బానెట్ కింద కూడా ఎర్రమూత వేసిన పాయింటు ఒకటి ఉంటుంది, మీటరు అక్కడ పెట్టినా రీడింగ్ తెలుస్తుంది. వెనక సీట్లోని పురుగుమందు డబ్బాలు దించే ఓపిక లేక నేను ముందు వైపుకే వెళ్ళాను. కారుకూ టిక్కీలకూ మధ్య రెండడుగుల సందులో నిలబడి బానెట్ ఎత్తాను. మోటార్ల మధ్య పాతికేళ్ళు బతికినవాడు చెయ్యాల్సిన పని కాదది.

రాత్రంతా కదలకుండా ఉన్న బండికి పన్నెండున్నర వోల్టులు చూపిస్తే బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నట్టు. నాకు పన్నెండు కూడా చూపలేదు. అప్పుడే ఒళ్ళు మండింది. తమ్ముణ్ణి పిలిచి, ఎక్కి ఆన్ చెయ్యమన్నాను. వాడు బ్రేకు తొక్కి బటన్ నొక్కాడు. హైబ్రిడ్ కదా, చప్పుడేమీ ఉండదు, బండి పరుగుకు సిద్ధంగా ఉన్నా చెవికి తెలియదు. ఆన్ అయితే మీటరు పద్నాలుగు దాకా ఎక్కాలి. అది పదమూడు దగ్గరే కొట్టుకుంటోంది. స్ప్రేయర్ చార్జరు ఇంకా సాకెట్‌కే వేలాడుతూ ఉండటం పొద్దున నా కంట పడింది. అది గుర్తొచ్చేసరికి నాకు కళ్ళు కనపడలేదు.

"తియ్యరా!" అని అరిచాను.

చార్జరు తియ్యమని నా ఉద్దేశం. మీటరులో అంకె మారలేదు.

"ముందు తియ్యరా, వెధవా!" అని మళ్ళీ అరిచాను. ముందు అది పీకెయ్, మిగతా సంగతి తర్వాత చూద్దాం అని.

మన మాటల్లో తియ్యడమంటే పీకెయ్యడమూ అవుతుంది, బండి కదిలించడమూ అవుతుంది. ముందు అంటే మొదటా అవుతుంది, ఎదరా అవుతుంది. ఎత్తిన బానెట్ అవతలి నుంచి, స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాడికి ఆ మాట ఎలా వినపడుతుందో నేను ఆలోచించలేదు. నా నోట్లోంచి వచ్చింది ఎదుటివాడికి అర్థమై తీరాలని నా నమ్మకం.

కారు దూకింది. ట్రాక్టర్ తోలే కాలు కదా, గట్టిగానే తొక్కాడు. బంపరు నా మోకాళ్ళ కింద కొట్టి నన్ను తీసుకెళ్ళి టిక్కీలకు అదిమేసింది. వెనక ఉన్నది గోడ అయితే కాళ్ళు రెండూ అక్కడే పోయేవి. మిర్చి కాబట్టి లోపలికి దిగబడ్డాను. రెండు టిక్కీలు పగిలి కాయలు, గింజలు, ఎర్రటి దుమ్ము నెత్తిన కురిశాయి. కళ్ళలో, ముక్కులో, గొంతులో నిప్పు పోసినట్టయింది. బానెట్ దభాలున నా భుజం మీద పడింది. నేను అరుస్తున్నానని నాకు తెలుస్తోంది గానీ అరుపు బయటికి రాలేదు, దగ్గొచ్చింది.

వాడు వెంటనే బండిని వెనక్కి లాగాడు. దిగి "అన్నా, అన్నా" అంటూ పరిగెత్తుకొచ్చాడు. నేను ఏడుస్తున్న కళ్ళతో నేల తడుముకుంటూ లేచాను. ట్రాక్టర్ చక్రం బిగించి అక్కడే పడేసిన వీల్ స్పానర్ చేతికి తగిలింది.

మొదటి దెబ్బ గాల్లోకి పోయింది. రెండోది వాడి భుజం మీద పడింది. "నన్ను చంపుదామనేరా? ఎందుకు తొక్కావురా?" అని అడుగుతూ కొట్టాను. వాడు నోరు విప్పలేదు. విప్పకపోయేసరికి ఇంకా కొట్టాను. కింద పడ్డాక కూడా కొట్టాను. ముఖం మీద పడబోయిన దెబ్బకు వాడు కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. పచ్చి కొమ్మ విరిచినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు విని కూడా ఇంకో దెబ్బ వేశాను. ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా ఆవిడ వచ్చి నా నడుం పట్టుకుని లాగింది. మోచేత్తో తోసేస్తే మిరపకాయల్లో పడింది. లేచి మళ్ళీ పట్టుకుంది. చివరికి ఊపిరాడనివ్వని దగ్గు నన్ను ఆపింది. రక్తమూ మిర్చి రంగూ కలిసిపోయి, వాడి చొక్కా మీద ఏది ఏదో తెలియకుండా పోయింది.

ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. చీరాలలో రాడ్లు వేశారు. ఎముక అతుక్కుంది గానీ మణికట్టు పూర్తిగా తిరగదు. స్టీరింగ్ తిప్పలేని చేత్తో ట్రాక్టర్ తోలడం కుదరదు. ఆస్పత్రి నుంచి వాడు మా ఇంటికి రాలేదు. వేటపాలెంలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరాడు. నేను మాత్రం షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ నా మోకాళ్ళ మీది మచ్చలు చూపించి, సొంత తమ్ముడు చేసిన పని చూడండి అని చెప్పుకున్నాను.

ఆ మధ్యలో కారును గుంటూరు తీసుకెళ్ళాను. మెకానిక్ చిన్న బ్యాటరీకి దాని సత్తువ కొలిచే లోడ్ టెస్టర్ పెట్టి చూశాడు.

"దీని వయసు అయిపోయిందండి. మీరు చార్జరు పెట్టినా, పెట్టకపోయినా పోయేదే. మీరు కొనేటప్పటికే పాతది" అన్నాడు.

కొత్తది వేయించుకుని వచ్చాను. దారిపొడవునా ఆ మాట అరగలేదు. అయినా నేను మారలేదు. చార్జరు సంగతి సరే, కారు ఎక్కించింది నిజమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తొలకరి పడ్డాక, మిరప నారు పోసే రోజుల్లో, ఎవరో బంధువు ఫోన్ చేస్తే మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాను. వాడు నన్ను చంపబోయాడు అని. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఫోన్ పెట్టేసేదాకా కదల్లేదు.

"నీకొకటి చెప్పాలి. చెయ్యెత్తేదుంటే ఇప్పుడే ఎత్తు, సగంలో కాదు" అంది.

ఏమిటన్నాను.

"ఆ రోజు నీ అరుపు వాడికి అర్థం కాలేదు. అద్దం దించి, ఏమంటున్నాడొదినా అని నన్నడిగాడు. ముందుకు తియ్యమంటున్నాడు అని నేనే చెప్పాను. నువ్వు ముందున్నావని నాకు కనపడలా, బానెట్ అడ్డంగా ఉండి నువ్వు పక్కకు తప్పుకున్నావనుకున్నాడు వాడు. నీడ కోసం జరపమన్నావేమో అనుకున్నా."

"సరిగ్గా వినపడకపోతే నన్నడగొచ్చుగా!" అని గదిమాను.

"నిన్నా? రెండుసార్లు అరిచాక నిన్ను మూడోసారి ఎవరడుగుతారు?" అంది.

చెయ్యి లేచింది. అబద్ధం చెప్పను, సగం దాకా లేచింది. ఆవిడ తప్పుకోలేదు, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది. అన్నేళ్ళ కాపురంలో నేను కొట్టేటప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది. చెయ్యి దించి, బయటికి వచ్చి, కారెక్కి వేటపాలెం వెళ్ళాను.

ఫ్యాక్టరీ గేటు పక్కన చిన్న గది. వాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఒకడుగు వెనక్కి కూడా వేశాడు. నేను గుమ్మం బయటే ఆగాను.

"వదినే చెప్పిందని ఆ రోజు ఎందుకు అనలేదురా?" అని అడిగాను.

"అంటే ఆ స్పానర్ ఒదిన మీదికి పోయేదిగా" అన్నాడు. "నాకైతే చెయ్యే పోయింది."

అలా జరిగేది కాదని చెబుదామని నోరు తెరిచాను. దానికి బదులు క్షమించరా అన్నాను, ఇంటికి రారా అన్నాను, ఏడ్చాను కూడా. వాడు నా ఏడుపు పట్టించుకోలేదు.

"మరి ఒదిన ఇది నీకు చెప్పాక ఏం చేశావు?" అన్నాడు.

"ఏమీ చెయ్యలేదురా."

వాడు నమ్మలేదు. ఎడమచేత్తో ఫోన్ తీసి నా ఎదురుగానే మా ఆవిడకు చేశాడు. "ఒదినా, అన్న ఇక్కడున్నాడు. నిన్నేమన్నా చేశాడా? నిజం చెప్పు" అని అడిగాడు. అవతలి మాట నాకు వినపడలేదు. వాడు చాలాసేపు విన్నాడు. మళ్ళీ ఒకసారి అడిగాడు, మళ్ళీ విన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాక గానీ నన్ను లోపలికి వచ్చి కూర్చోమనలేదు.