అవ్వ నిద్రకు నేనేరిన ఆల్బములు

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను "నీకేం వచ్చప్పా?" అని అడిగితే, రాత్రిపూట ఏ పాటలు వినాలో చెప్పడం వచ్చునని తడుముకోకుండా జవాబిచ్చేవాడిని. అదొక విద్య అనీ, మా తాలూకాలో నా ఒక్కడికే అబ్బిందనీ గట్టి నమ్మకం. అత్తెసరు మార్కులతో డిగ్రీ గట్టెక్కించి, రోజూ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో పోయి, ఒక సెల్‌ఫోన్ల అంగడిలో జనం మెమరీ కార్డులకు పాటలెక్కించేవాడిని. (అంగడి యజమాని భాయ్ అమ్మేది మెమరీయే గానీ, తాళంచెవి ఎక్కడ పెట్టాడో మాత్రం నేనే గుర్తుచేయాలి.) పత్తి మిల్లులో రాత్రి షిఫ్టు వాళ్లకొక రకం, లారీ డ్రైవర్లకొక రకం, కొత్తగా పెళ్లయిన వాళ్లకింకొక రకం అని ఆల్బములు ఏరి ఇచ్చేవాడిని. బాగాలేదని ఎవరూ తిరిగి రాలేదు. అసలు వినలేదేమో అన్న అనుమానం నాకప్పట్లో రాలేదు.

అంతటి విద్వాంసుడి ఇంట్లోనే అవ్వకు నిద్ర కరువైంది. తాత పోయాక అమ్మ ఆమెను గోనెగండ్ల నుంచి మా ఇంటికి తెచ్చుకుంది. వచ్చింది మొదలు అవ్వ రాత్రంతా చాప మీద దొర్లడమే, పగలంతా తూలడమే. ఒకరోజు మిద్దె మెట్ల మీద కాలు జారింది, గోడ చేతికందింది కాబట్టి సరిపోయింది. డాక్టరు బిళ్లలు రాశాడు. అవ్వకు నిద్రమాత్ర వద్దు, నిద్ర మాత్రం కావాలి. "మందేసుకోని పండుకుంటే మళ్లా లేస్తానో లేదో ఎవురికి తెలుసు?" అని బిళ్లలు తీసి అవతల పెట్టింది. "ఇంగోసారి జారితే మనిషి దక్కదురా. ఏమన్నా సేయి నాయనా" అని అమ్మ నా వైపు చూసింది. ఆ చూపుతో నా ఛాతీ అంగుళం పెరిగింది.

"అవ్వా, ఈ రాత్రికి నీకు మంచి ఆల్బం పెడతా."

"ఆల్బమా? సీకట్లో పెండ్లి ఫోటోలు యాడ కనపడతాయిరా?"

మగ్గాలున్న మా వీధిలో మిద్దెలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఎండాకాలం వీధి వీధంతా పైనే పడుకుంటుంది. అయినా చడీచప్పుడూ ఉండదు, ఎవరి చెవుల్లో వాళ్ల ఇయర్‌ఫోన్లు (సగం నేనమ్మినవే). అవ్వ చెవిలో ఏది పెట్టినా పీకేస్తుంది కాబట్టి టిఫిన్ డబ్బా అంత స్పీకరొకటి తెచ్చాను. మొదటి రాత్రి వేణువు. తెల్లవారాక అవ్వ, "ఆ పిల్లోడు అంతసేపు ఊపిరి బిగబట్టినాడు, వానికేమైతాదో అని నాకు కన్ను మూతపడల్యా" అంది. రెండో రాత్రి భజనలు. దేవుని పాటలు పడుకుని వినకూడదట; చేతులు జోడించి కూర్చునే తెల్లవార్చింది. ఆ తర్వాత సన్నాయి పెడితే, ఎవరింట్లోనో ముహూర్తం దాటిపోతోందని చీర మార్చుకుంది.

నా విద్య కాస్తా వీగిపోతుంటే భాయ్ ఆదుకున్నాడు. "దాదీకి నీంద్ కావాల్నా? బారిష్ పెట్టురా. ఫారిన్‌లో అందురూ వాన సప్పుడు ఇని పండుకుంటారంట." (వాళ్లకు వాన ఎక్కువ, మాకు తక్కువ, ఆ తేడా ఇద్దరికీ తట్టలేదు.) సన్నని జల్లుతో మొదలై ఉరుములతో ఊపందుకునే ఆల్బమొకటి ఏరాను. అవ్వకు కొంచెం చెవుడు కాబట్టి శబ్దం కొంచెం పెంచాను. ఆమె నిద్రపోతుందా లేదా అని పక్కనే పడుకుని కనిపెడుతూ, హాయిగా నేను నిద్రపోయాను.

ఉరుము ఉరిమింది. "వానొచ్చిందీ! లేయండి, నూలు తడుస్తాంది!" అని ఎవరో గావుకేక పెట్టారు. ఆ ఎవరో నేనే. మా వీధిలో ఆ మాటకు మేలుకోని మనిషి లేడు. నూలుకు రంగులేసే పక్క మిద్దె మామ, తీగల మీద ఆరేసిన పచ్చి రంగు నూలంతా కావలించుకుని మెట్ల వైపు ఉరికాడు. అత్త మిరపకాయల చాపతో వెనకాలే. ఒకరి దుప్పటి ఇంకొకరు లాక్కుపోయారు. నాలుగు మిద్దెల సామానంతా కిందికి దిగాక మామ పైకొచ్చి, ఆకాశం కేసి అరచెయ్యి చాచి చాలాసేపు నిలబడ్డాడు. ఒళ్లంతా ఎర్రరంగు.

"ఇదేం వానప్పా? సుక్కలు కనపడతాండాయి గానీ ఒక్క సుక్క పడల్యా! వాన యాడ?"

"ఈడుంది మామా" అని స్పీకరు చూపించాను.

ఆ తర్వాత కురిసింది మాత్రం నిజమైన వానే. "ఆదోనికి పంపింది ఉద్యోగానికా, ఉరుములు తెచ్చేదానికా?" అని మామ. "నా మిరపకాయలు మెట్ల మీద ఎవురు ఏరాల? నువ్వా, నీ డబ్బానా?" అని అత్త. నిద్ర చెడినవాళ్లంతా పిట్టగోడల మీద చేరారు. నా చదువు నుంచి నా క్రాపు దాకా వచ్చారు, ఎవరో నవ్వారు, తిట్లు పాత సంగతుల్లోకి మళ్లాయి. మామ పెళ్లిలో నిజంగా వచ్చిన వాన, అది ముంచిన పందిరి, పప్పులో పడిన పూలదండ. ఇయర్‌ఫోన్లు ఎవరికీ గుర్తులేవు.

"ష్, సప్పుడు సేయొద్దండి" అంది అమ్మ హఠాత్తుగా. అవ్వ నోరు తెరుచుకుని, గుర్రుపెట్టి నిద్రపోతోంది. అందరూ టక్కున నోళ్లు మూశారు. అంతే, అవ్వ కళ్లు తెరిచింది. "ఏమప్పా, ఆపినారు? గోనెగండ్లలో ఇట్లనే గదా, మా తిన్నె మీద నడిరాత్రి దాకా ఎవురో ఒకరు మాట్లాడతానే ఉండిరి. సెప్పు, పూలదండ పప్పులో పన్యాక?" మామ గొంతు సవరించుకుని మళ్లీ అందుకున్నాడు. దండ పప్పులోంచి బయటపడేలోపే అవ్వ నిద్రలో పడింది. మరుసటి రాత్రి నుంచి మామా అత్తా తమ చాపలు మా పిట్టగోడ పక్కకు జరుపుకున్నారు. నా స్పీకరు అంగడికి తిరిగిపోయింది.

ఇప్పుడు నా కాపురం ఆదోనిలోనే. నెత్తిన నల్లవెంట్రుకలు మైనారిటీలో పడ్డాయి. లోకంలోని సంగీతమంతా అరచేతిలోకి వచ్చేసింది, నడిరేయి దాటినా ఏ ఆల్బం పెట్టుకోవాలో తేలక ఫోను మీద వేలు జరుపుతూనే ఉంటాను. అప్పుడు నా భార్య ఇటు తిరిగి, "ఇంగా పండుకోల్యా? పొద్దున లేపితే మళ్లా నా మీదనే పడతావు. గ్యాసు బుక్ సేసినావా? పాపకు బూట్లు తెస్తానంటివి, యాడుండాయి?" అని మొదలుపెడుతుంది. నేను ఫోను పక్కన పెట్టేస్తాను. బూట్ల తర్వాత ఆమె ఏమంటుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ నేను విన్నది లేదు.