కంపెనీ కేసెట్లో మా మంగ పిన్ని లేదు

మా చిన్నప్పుడు మస్కట్‌కి ఉత్తరాలు రాసేవాళ్ళం కాదండీ... మాట్లాడేవాళ్ళం.

బాబాయి అక్కడ పడవల మీద పనికి వెళ్ళాడు. మలికిపురం దగ్గర మా ఇంటి వసారాలో ముక్కాలిపీట మీద టేప్ రికార్డర్ పెట్టి, ఎర్ర బటన్ నొక్కి, ఇంటిల్లిపాదీ వంతులవారీగా మాట్లాడేవాళ్ళం. సెలవుకి వచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళ చేతికి ఆ కేసెట్ ఇచ్చి పంపేవాళ్ళం. బాబాయి విని, దాని మీదే తన కబుర్లు నింపి తిప్పి పంపేవాడు. మళ్ళీ దాని మీదే మేము... పాత మాట చెరిగితేనే కొత్త మాటకి చోటు.

రెండో పక్క మాత్రం ఎవరమూ ముట్టుకునేవాళ్ళం కాదు. అందులో మంగ పిన్ని పాడిన అప్పగింతల పాట ఉండేది. పిన్ని అంటే బాబాయి భార్యే. ఆవిడది కాస్త బొంగురు గొంతు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా పనిగట్టుకుని వచ్చి పిలిచేవారు. అప్పగింతలప్పుడు ఆవిడ అందుకుందంటే ఆడపెళ్ళివారే కాదు, మగపెళ్ళివారు కూడా కళ్ళు తుడుచుకునేవారు. మా కేసెట్లో ఉన్నది ఉత్తి పాటే. వెనకాల మా కొబ్బరిచెట్ల మీద కాకులు కూడా అరుస్తూ ఉండేవి... మస్కట్లో బాబాయి గదిలో వాళ్ళంతా దాన్నే మళ్ళీ మళ్ళీ వేయించుకునేవారట.

ఒక పెళ్ళిలో పిన్ని పాట విని, కేసెట్ల కంపెనీ ఆయన ఒకాయన మా ఇంటికి వచ్చాడు. మహా మర్యాదస్తుడు. రాజమండ్రిలో రికార్డింగ్ అన్నాడు. అక్కడ ఎవరూ చూడరని తెలిసి కూడా పిన్ని పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. వాయిద్యాలేవీ లేకుండా అన్ని పాటలూ ఒక్కతే పాడింది. "మీరు పాడేసి నిశ్చింతగా వెళ్ళండమ్మా, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడట ఆయన.

బాగానే చూసుకున్నారు లెండి.

ఆ కేసెట్ ఇంకా రాకముందే మా ఊరివాళ్ళెవరో మస్కట్ బయల్దేరారు. ఆసారి కబుర్లు ఎక్కువయ్యి ఒక పక్క చాల్లేదు. పిన్నే కేసెట్ తిరగేసింది. అమ్మ వద్దంటున్నా వినలేదు. కంపెనీ కేసెట్ వస్తోంది కదా అక్కా, ఇంక ఇదెందుకు అంది. మా ఇళ్ళల్లో కంపెనీ అన్న మాటకి అంత విలువ ఉండేది. ఎర్ర బటన్ తనే నొక్కింది...

తరవాత కంపెనీ కేసెట్ వచ్చింది. అట్ట మీద పిన్ని ఫొటో. వీధిలో వాళ్ళంతా మా వసారాలో చేరారు. నాన్న ఎంతో అపురూపంగా పెట్టి బటన్ నొక్కారు.

ముందు డ్రమ్ము పడింది. దాని మీద కీబోర్డు. ఆ రెంటి వెనకాల ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు, పీలగా, చిన్నపిల్ల గొంతొకటి. మాట మాటకీ ప్రతిధ్వని. హుషారుగా ఉండాలని వేగం పెంచారట, అందుకే గొంతు సన్నబడిపోయిందని చాలాకాలానికి తెలిసింది. అప్పగింతల పాటకి హుషారేమిటండీ అసలు... కూతుర్ని పంపిస్తున్న తల్లి గంతులేస్తుందా?

పిన్ని తలొంచుకుని పాట మొత్తం విన్నది. అయ్యాక నాన్న వైపు తిరిగి మెల్లిగా అడిగింది.

"ఎవరండీ బావగారూ, పాడేది?"

నాన్న బటన్ నొక్కి టేపు ఆపేశారు.

అక్కడితో పోలేదు. ఆ తరవాత పెళ్ళిళ్ళలో మైకుసెట్టు వాళ్ళు ఆ కేసెట్టే వేసేవారు. కేసెట్ ఉందిగా, ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకు అనేవారు అందరూ, అదేదో మర్యాద అన్నట్టు. పిన్ని తాంబూలం పట్టుకుని కుర్చీలో కూర్చుని, తనది కాని గొంతులో తన పాట వినేది. మెల్లిగా ఇంట్లో కూడా కూనిరాగం మానేసింది. ఇది తల్చుకుంటే నాకిప్పటికీ కడుపు మండిపోతుంది.

పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. ఈమధ్య ఆ కంపెనీ కేసెట్‌నే శబ్దం శుభ్రం చేశామంటూ ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. పిచ్చిదాన్ని... మంచి ఇయర్‌ఫోన్లు కొనుక్కుని మరీ కూర్చున్నాను. ఈసారైనా పిన్ని వినపడుతుందని. డ్రమ్ము చెవులు పగిలేలా ఉంది. గొంతు ఇంకా లోపలికి పోయింది. రెండోసారి కూడా నమ్మి మోసపోయాను.

మస్కట్ నుంచి ఎప్పుడో వచ్చేసిన బాబాయితో చెప్పి ఏడ్చేశాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చారు. అందులో మా మస్కట్ కేసెట్. ఆ చివరి కబుర్ల మీద ఆయన ఇంకేమీ రికార్డు చెయ్యలేదట, తిప్పి పంపనూ లేదట.

"పాట లేదమ్మా ఇందులో. మాటలే ఉన్నాయి" అన్నారు.

అమలాపురంలో పాత టేప్ రికార్డర్ బాగు చేయించుకొచ్చి వేశాం. అమ్మ కబుర్లు అయ్యాయి, నా ఎక్కాలు అయ్యాయి. తరవాత పిన్ని... అదే బొంగురు గొంతు, పక్కన కూర్చున్నంత స్పష్టంగా.

"ఏవండీ... మీ పాట చెరిపేసేనండీ, కోప్పడకండి. కంపెనీ కేసెట్ వస్తోంది కదండీ. అందులో నా గొంతు బాగా వినపడుద్దంట. ఆయ్... అదే వినండి."

బాబాయి టేపు వెనక్కి తిప్పారు. మళ్ళీ విన్నాం.

ఇప్పుడు దేన్నీ చెరపక్కర్లేదు, ఫోన్లో ఎంతైనా పడుతుంది. అడిగి పాడించుకునేవాళ్ళే లేరు... మీ ఇంట్లో పాడేవాళ్ళెవరైనా ఉంటే ఇవాళే ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్క పాట పాడించుకోండి. ఏం పాడారో ఇక్కడ నాకూ చెప్పండి. వాయిద్యాలేమీ వద్దు... వెనకాల కాకులు అరిస్తే అరవనివ్వండి.