తేమ చూసే దోస్తు

ఈ దసరా సాయంత్రం కరీంనగర్‌లో మా ఇంటి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే, జమ్మి పట్టుకుని వచ్చిన మనుషులకంటే ఫోన్లో వచ్చిన జమ్మి బొమ్మలే ఎక్కువయ్యాయి. ఒకే బొమ్మను ఏడుగురు పంపారు. అందరికీ చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిరిగి కొట్టాను. ఆదిలాబాద్‌లోని నా దోస్తు నుంచి మాత్రం ఏమీ రాలేదు. ఏడాదిగా మా మధ్య మాటల్లేవు. రాదని తెలిసీ రెండుసార్లు చూశాను. మా ఆవిడ అది కనిపెట్టింది. "ఆయన నీకంటె పెద్దోడు. జమ్మి చిన్నోడే కదా పట్కపోయి చేతుల పెట్టాలె. పోనిది నువ్వు, ఎదురుజూసేది నువ్వేనా?" అంది.

నేను ఆదిలాబాద్‌లో పంతులు ఉద్యోగంలో చేరినప్పుడు పక్క గది వాడిది. జిన్నింగు మిల్లులో పత్తి రకం చూసేవాడు. బండి రాగానే పిడికెడు పత్తి తీసి, రెండు బొటనవేళ్ల మధ్య పింజ లాగి పొడవు చెప్పేవాడు, అరచేతిలో నొక్కి తేమ చెప్పేవాడు. ఒప్పుకోని రైతులతో తెలుగులోనూ మరాఠీలోనూ సమానంగా కొట్లాడేవాడు. చదివింది పదో తరగతే కానీ, మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా చదవందే పారేసేవాడు కాదు. మెచ్చుకుంటాడనే ఆశతో నా మొదటి కథ ఇచ్చాను. మర్నాడు అంచుల నిండా పెన్సిల్ గీతలతో తిరిగొచ్చింది. తల్లి చనిపోయే చోట, నేను ఏడుస్తూ రాసుకున్న పేరా పక్కన, ఒక్కటే మాట ఉంది: తేమ. ఇదేమిటని అడిగితే, "తడి ఎక్కువుంటే బరువు తూగుతది సారూ, గని పత్తి తక్కువుంటది," అన్నాడు. రెండు రోజులు వాడి మొహం చూడలేదు. మూడో రోజు ఆ పేరా కొట్టేశాను. కథ అచ్చయింది. కరీంనగర్ బదిలీ అయ్యాక కథలు కవర్లలో వెళ్లేవి, గీతలతో తిరిగి వచ్చేవి. ఒక్కోసారి కాగితాలకు కాస్త దూది కూడా అంటుకుని ఉండేది. దసరాకు మాత్రం నేనే వెళ్లి జమ్మి ఇచ్చి వచ్చేవాణ్ని.

తర్వాత ఫోన్ వచ్చింది. నోటితో చెబితే అదే రాసుకుంటుంటే ఇక కలమెందుకనిపించింది. కథ పూర్తికాగానే వాడి ఫోన్‌కు పంపేవాణ్ని. పది నిమిషాల్లో బొటనవేలు ఎత్తిన బొమ్మ వచ్చేది. గీత లేదు, తేమ లేదు. ఇన్నాళ్లకు నాకు రాయడం వచ్చిందని పొంగిపోయాను. అలా ఐదు కథలకు ఐదు బొటనవేళ్లు. నిరుడు దసరా దాటిన వారానికి, తొందరలో ఒక కథకు బదులు నా షుగర్ రిపోర్టు పంపాను. దానికీ బొటనవేలు వచ్చింది, వెనకే "మస్తున్నది" అని వాడి గొంతూ వచ్చింది. నా ఒళ్లు మండిపోయింది. చదవకుండా మెచ్చుకునేవాళ్లు నాకు కరీంనగర్‌లోనే బోలెడు మంది ఉన్నారు, అందుకు ఆదిలాబాద్ దాకా పోనక్కర్లేదు. పంపడం మానేశాను, మాట్లాడటం మానేశాను. ఆ తర్వాత ఒక్క కథా పూర్తి కాలేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

దసరా మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. జేబులో జమ్మి, సంచిలో చేత్తో రాసి సగంలో ఆపేసిన కథ. నిర్మల్ దాటాక చేలల్లో పత్తికాయలు అప్పుడప్పుడే పగులుతున్నాయి. నేను వెళ్లేసరికి వాడు అరుగు మీదే ఉన్నాడు. జమ్మి చేతిలో పెట్టాను. కళ్లకద్దుకుని నన్ను గట్టిగా కావలించుకున్నాడు. వదలకుండానే అడిగాడు, "షుగర్ ఎట్లున్నదిరా?"

"నీకెట్ల తెలుసు?"

"వారం తర్వాత నా బిడ్డ చదివి చెప్పింది. ఫోన్ చేద్దామంటే సిగ్గయింది." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గా ఫోన్ల అక్షరాలు నాకు కనవడయిరా. పెద్దగ జేస్తే లైను సగం అవుతలికి పోతది. పెన్సిల్ పెడ్దామంటే అది అద్దమాయె."

"కనవడయని చెప్తే ఏమయితుండె?"

"చెప్తే నువ్వు పంపుడు బంద్ జేస్తవనుకున్న. అది గూడ బంద్ అయితే ఇగ మనకేమున్నది?"

నాకు చాలా సిగ్గేసింది. ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే నిమిషంలో తేలిపోయే సంగతి. సంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చాను. వాడు లోపలికి వెళ్లి పెన్సిల్ వెతుక్కుని వచ్చి, వెలుతురు వైపు తిరిగి కూర్చున్నాడు. వాళ్ల బిడ్డ చక్కెర లేని చాయ్ తెచ్చిచ్చింది. అది తాగకుండా, మొదటి కథ ఇచ్చిననాటి భయంతోనే వాడి చేతిని చూస్తూ ఉండిపోయాను. మూడో పేజీలో పెన్సిల్ ఆగింది. అంచున ఏదో రాసి, కింద గట్టిగా గీత గీసి, కాగితం నా వైపు తిప్పాడు. తేమ.

ఆ మాట చదివి ఇంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు. మిగతా కథ వచ్చే నెల తెస్తానని చెప్పి బయల్దేరాను. వాడికి డెబ్బై దాటింది, నాకు దగ్గర పడుతోంది. ఒక అలకకు ఏడాదికి ఏడాది ఇచ్చేసేంత కాలం ఇక మా ఇద్దరి దగ్గరా లేదు.