అత్త నోరు, నా గొంతు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు కోదాడలో, మీటింగు మధ్యలో తెలిసింది. వాళ్ల కోడలు ఫోన్ చేసింది. "అక్కా, అత్తమ్మ లేదు. పొద్దుగాల చాయ్ తాగింది, గోడకు ఒరిగి కూసున్నది, గట్లనే పోయింది" అంది. నేను "సరే" అన్నాను. చావు కబురు చెబితే ఎవరైనా సరే అంటారా? నా నోట్లోంచి వచ్చింది మాత్రం అదే. ఫోన్ పెట్టేసి మళ్లీ నా కుర్చీలో కూర్చుని, ఎనిమిదో పాఠం చివర ప్రశ్నలు ఎన్ని పెట్టాలో నా అభిప్రాయం కూడా చెప్పాను. ఆ తర్వాతే లేచి బస్టాండుకు పోయాను. బస్సు మునగాల దాటింది, ఊరు వచ్చింది, దిగాను. ఏడుపు రాలేదు. ఇవాళ్టికీ రాలేదు. అందుకని ఇది రాస్తున్నాను.

మేం తయారుచేస్తున్నది భాషల గురించి, సంస్కృతుల గురించి ఒక యూనివర్సిటీ కోర్సు. ఇంటర్నెట్‌లో ఎవరైనా, ఎక్కడి నుంచైనా, ఉచితంగా చదువుకోవచ్చు. మొత్తం పది పాఠాలు. కోదాడలో ఉండే ఒక సీనియర్ లెక్చరర్ గారు దానికి పెద్ద. సూర్యాపేట డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే నాకు రెండో పాఠమూ ఆరో పాఠమూ అప్పజెప్పారు. రెండోది 'ఏ భాషా తక్కువ కాదు'. ఆరోది 'పనిలో పుట్టిన మాటలు'. వీడియోల పని మిర్యాలగూడలో పెళ్లిళ్లు తీసే ఒక స్టూడియోలో జరిగేది.

ఆరో పాఠానికి మనిషిని వెతకాల్సిన అవసరం నాకు రాలేదు. మాది గొర్రెల ఇల్లు. మా అమ్మానాన్నలు మందను తోలుకుని నెలల తరబడి మేతకు పోతుంటే, చివ్వెంల పక్క ఊళ్లో నన్ను సాకింది మా మేనత్తే. గొర్రెను వెనక నుంచి చూసి దాని తల్లి ఎవరో చెప్పేది. ఇంటికి పదిమంది చుట్టాలొస్తే లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు ఒకసారి లెక్కపెట్టేది. ఎందుకత్తా అంటే "అలవాటే బిడ్డా, ఒకటి తగ్గితే నాకు బువ్వ పోదు" అనేది. ఫోన్ చేస్తే, చేసింది తనే అయినా, "ఆఁ, ఎవలూ?" అని మొదలుపెట్టేది. చెప్పాల్సింది చెప్పడం కాగానే ఠక్కున కట్ చేసేది. ఉంటానని, పెట్టేస్తున్నానని ఒక్క ముక్క ఉండేది కాదు.

రెండువేల ఒకటిలో నేను సూర్యాపేటలో ఇంటర్ చేరాను. మొదటి వారంలోనే క్లాసులో లేచి "గిది సూడుండ్రి సార్" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. శనివారం ఇంటికి వచ్చి, ఇక కాలేజీకి పోనని మొండికేశాను. అత్త రొట్టెలు చేస్తోంది. తలైనా ఎత్తలేదు. "నవ్వనియ్యే. పండ్లు మంచిగున్నయని నవ్వుతున్నరు. నువ్వు పోయి సదువుకో" అంది. నేను పోయాను. కానీ నెల తిరక్కుండానే 'చూడండి' అనడం నేర్చాను. అప్పట్నుంచీ నాకు రెండు నోళ్లు. ఒకటి కాలేజీలో, ఒకటి అత్త గడప దగ్గర. రానురాను ఆ రెండోది తడబడుతున్నా, ఆమె ఎన్నడూ ఎత్తి చూపలేదు.

రికార్డింగు రోజు అత్త తలస్నానం చేసి, గొంగడి మడిచి భుజాన వేసుకుని, దొడ్డి ముందు కూర్చుంది. "ఏం మాట్లాడాలె?" అంది.

"రోజూ మాట్లాడేదే అత్తా."

"గది ఇనేటందుకు కాలేజోళ్లు ఎందుకే? మా గొర్లు ఇంటయి."

అని నవ్వి మొదలుపెట్టింది. ఇక ఆగితేనా! మందను పిలిచే కేక, మళ్లించే కేక, ఈనిన గొర్రె సంగతి, ఒట్టిపోయిన గొర్రె సంగతి. నలభై నిమిషాలు.

అది చూసి కోదాడ సారు మెచ్చుకున్నారు. మర్యాదస్తుడు, ఆయన్ని నేనేమీ అనను. "ఆవిడ యాస బాగుందమ్మా. కానీ బయటివాళ్లకి అర్థం కాదు కదండీ. మాటలన్నీ శుభ్రంగా రాయించి ఇస్తాను, మీరే చదివేయండి. బొమ్మ ఆవిడదే ఉంచుదాం" అన్నారు. సరేనన్నాను. నిజం చెప్పాలా? నాకు హాయిగా అనిపించింది. ఏ భాషా తక్కువ కాదని రెండో పాఠంలో పన్నెండు పేజీలు రాసిన మనిషిని నేను. అయినా మా అత్త మాట నలుగురూ వింటారనగానే, ఇంటర్ క్లాసులో నవ్వు మళ్లీ నా చెవిలో మోగింది.

వాళ్లు పంపిన కాగితాలు చూసి చదివాను. స్టూడియోలో నా గొంతును అత్త బొమ్మకు అతికించారు. అత్త సూర్యాపేట వచ్చినప్పుడు లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి చూపించాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు, చాపే వేయించుకుంది. రెండు నిమిషాలు కళ్లార్పకుండా చూసింది.

"నోరు నాదే. మాటెవలదే బిడ్డా?"

నాదేనన్నాను. మరికాస్త విని "ఆపు ఆపు" అంది. "ఏమన్నవ్ గీడ?"

వెనక్కి తిప్పి వినిపించాను. "గొర్రెను చూసి ఎండలో తిప్పవద్దు" అంటోంది నా గొంతు.

"నేనన్నది సూడి గొర్రెను ఎండల తిప్పద్దని. కడుపుతోని ఉన్నదాన్ని. సూసుడేంది? సూస్తె ఏమైతది?"

కాగితం రాసినవాళ్లకు 'సూడి' అనేది 'చూసి'కి వచ్చిన యాసలా కనిపించింది, దిద్దేశారు. పోనీ, వాళ్లకు తెలియదు. చదివింది నేను కదా! చూడి గొర్రెల మధ్య పుట్టి పెరిగినదాన్ని, తడుముకోకుండా చదివేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అత్త మాత్రం కోప్పడలేదు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "సరేగని, ఈ డబ్బల సూసి ఎవలన్న మా ఇంటికొస్తె నేనెట్ల మాట్లాడాలె? నీ లెక్కనా, నా లెక్కనా?" అంది. ఇద్దరం నవ్వాం. కాసేపటికి మెల్లగా, "నా మాట నాకు పెట్టు బిడ్డా. తప్పులున్నా మంచిదే" అంది.

ఆమె నన్ను ఒక వస్తువు అడగ్గా నేనెప్పుడూ చూడలేదు. అడిగింది ఇదొక్కటే. పెడతానన్నాను.

మర్నాడే స్టూడియోకు ఫోన్ చేశాను. "ఇప్పుడెట్ల మేడం? మూఢం పోయింది, వరుసబెట్టి లగ్గాలు. కార్డులన్ని సాఫ్ చేసిన. మిక్సింగ్ చేసింది మీ దగ్గరున్నది గద" అన్నాడు ఓనరు. అత్త మాట్లాడిన నలభై నిమిషాల మీద ఎవరి పెళ్లి ఊరేగింపో ఎక్కేసింది. మళ్లీ రికార్డు చేయాలి. చేస్తాననుకున్నాను. పరీక్షలు అయ్యాక అన్నాను. పేపర్లు దిద్దాక అన్నాను. కోదాడ మీటింగు అయ్యాక అన్నాను. అత్త మిస్డ్ కాల్ ఇచ్చేది, నేను చేసేదాన్ని. "నీ కోర్సు గొర్రె తోకేనాయె. ఎన్నడు సూసినా బెత్తెడే" అని ఎగతాళి చేసేది. చివరిసారి మాత్రం ఎగతాళి లేదు. "పొద్దుగాల్నే నెత్తి దువ్వుకొని కూసుంటున్న బిడ్డా, ఏ దినం వస్తవో తెల్వదాయె" అంది. వచ్చే ఆదివారం అన్నాను. ఠక్కున కట్ చేసింది. శుక్రవారం పోయింది.

సూర్యాపేట నుంచి మా ఊరికి బస్సులో ఎంతసేపని? మీలో ఆ దారిన తిరిగినవాళ్లకు తెలుసు. నన్ను తిట్టుకోవడానికి కూడా నాకు చేతకావడం లేదు. పళ్లు పీకించుకున్నాక మొద్దుబారిన దవడ ఉంటుంది చూడండి, అలా ఉంది నాకు.

పదకొండో రోజు భోజనాలు అయ్యాక, వాకిట్లో, వాళ్ల కోడలే అడిగింది. "అక్కా, అత్తమ్మది వీడియో ఉన్నదట గద, జర పెట్టరాదె." పెట్టాను. నా గొంతు మాత్రం వినిపించలేక ఆపేశాను. ఉత్త బొమ్మ. అత్త నోరు ఆడుతోంది, మాట లేదు. అందరూ చూస్తున్నారు. సౌండు రావట్లేదా అని కూడా ఎవరూ అడగలేదు.

ఉన్నట్టుండి నడిగూడెం చిన్నత్త, అంటే ఆమె చెల్లెలు, బొమ్మను చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. "తల్లి పిల్లను నాకకపోతె, పిల్ల మీద జర ఉప్పు రాయాలె…"

"రాయాలె కాదు చిన్నత్తమ్మా, పూయాలె అన్నది. పెదిమెలు కలిసినయి సూడు" అంది కోడలు.

"అవునే, పూయాలె. అక్క గట్లనే అనేది."

బావ మంద కేక అందుకున్నాడు. అది అచ్చం వాళ్లమ్మ కేకే. ఒకరు తప్పితే ఇంకొకరు దిద్దారు, కొట్లాడుకున్నారు, మధ్యలో నవ్వారు కూడా. పెదవి పెదవికీ మాట వెతికి పెట్టారు. నేను ఫోన్‌లో రికార్డు చేస్తూ కూర్చున్నాను. ఇప్పుడు ఆరో పాఠంలో వినిపించేది అదే, వాళ్ల కొట్లాటతో సహా. నా గొంతు తీసేశాను. కోదాడ సారుకు చెప్పాను. "అలాగే ఉంచండమ్మా" అన్నారు.

ఒక్కచోట మాత్రం వాళ్లకు మాట దొరకలేదు. చివర్లో అత్త మాట ఆపి, తల ఎత్తి, సూటిగా మన వైపు చూసి ఏదో అంటుంది. రెండే మాటలు. అక్కడ చిన్నత్త ఆగిపోయింది. కోడలికీ తెలియలేదు, బావకూ తెలియలేదు. పాఠంలోది కాదని కాగితాల్లోనూ ఆ మాట రాయలేదు. నాలుగుసార్లు వెనక్కి తిప్పాను.

"నిన్నే సూస్తున్నది గదనే, నీతోనే అన్నది. ఏమన్నదే?" అంది చిన్నత్త.

ఆ రోజు స్టూడియో వాళ్ల కెమెరా తెచ్చి పట్టుకున్నది నేనే. ఆ మాట నాతోనే అంది. నేనేదో జవాబు కూడా ఇచ్చే ఉంటాను, ఎందుకంటే అత్త ఒక క్షణం ఆగి, విని, నవ్వి, గొర్రెల వైపు తిరుగుతుంది. ఏమందో నాకు గుర్తు లేదు. పాఠంలో అక్కడ ఏ చప్పుడూ ఉండదు.