విప్పని కట్టు

మా రోజుల్లో జహీరాబాద్‌లో పనీపాటా ఉన్న మనిషి రోడ్డు మీద పరుగెడుతుంటే ఎవరో తరుముతున్నారనే లెక్క. తెల్లవారగానే మొగుడంపల్లి రోడ్డు మీద మేం ముగ్గురం పరుగెడుతుంటే, జొన్నచేన్లకు పోయే ఆడవాళ్ళు ఆగి మా వెనక ఏ కుక్క వస్తోందో అని చూసేవాళ్ళు. ఒకావిడ నన్ను నిలదీసింది కూడా. "ఏం సారూ, బడి ఇడిసిపెట్టి ఏడికి ఉరుకుతున్నరు?" అని. ఇవాళ ఆదివారమమ్మా అని చెప్పేలోపే నేను ఆమెను దాటి పోయాను.

ముగ్గురిలో నేను ప్రాథమిక పాఠశాల పంతులును. రెండోవాడు నా ఈడు టైలరు, బస్టాండు వెనక సందులో ఇంట్లోనే కాలి మిషను పెట్టుకుని బతికేవాడు. నన్ను 'సారూ' అని ఎగతాళిగా పిలుస్తూనే నువ్వు అనేవాడు. మూడో ఆయన బస్సు కండక్టరు. మాకంటే ఐదారేళ్ళు పెద్ద కాబట్టి అన్న అనేవాళ్ళం. ఇది డెబ్బైల చివరి మాట. మాకు నేర్పేవాడు లేడు, సరైన బూట్లు లేవు. కాన్వాసు జోళ్ళు అరిగితే అడుగున టైరు ముక్క వేయించుకునేవాళ్ళం. నిక్కర్లు మాత్రం టైలరు కుట్టేవాడు, ఎవరి ప్యాంట్లలోనో మిగిలిన గుడ్డతో. నా నిక్కరుకు ముందు ఒక రంగు, వెనక ఒక రంగు ఉండేది.

మాకు ఒకటే నియమం. ఎవరికైనా దెబ్బ తగిలి ఆగిపోతే ముగ్గురం ఆగాలి. అన్న పెట్టిన నియమం అది. నా మోకాలు వాచినప్పుడు వాళ్ళిద్దరూ పది రోజులు పరుగు మానేసి, ఆ వేళకే మా ఇంటికి వచ్చి, నువ్వులనూనె కాచి రుద్ది, చాయ తాగి పోయేవాళ్ళు. ఆ పది రోజులూ నాకు ఎంత సంతోషంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అలాంటి స్నేహితులు ఎవరికి ఉంటారని బడిలో గొప్పలు చెప్పుకున్నాను. ఆ నియమం ఉన్నన్నాళ్ళు, మిగతా ఇద్దరినీ ఆపడం ఇష్టం లేనివాడు తన నొప్పిని దాచుకుంటాడని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ చలికాలం సంగారెడ్డిలో జిల్లా పోటీ ఉందని తెలిసింది. పదివేల మీటర్లు. ఇంకా రెండు నెలలుంది. ముగ్గురిలో ఆ పిచ్చి నాకే ఎక్కువ. అన్నకు అప్పుడే దూరం రూటు డ్యూటీలు పడి వారానికి ఒకసారి గానీ కనపడేవాడు కాదు. టైలరూ నేనూ మిగిలాం. వాడు జోళ్ళ తాళ్ళు కట్టుకోవడానికి చాలాసేపు కూర్చోవడం మొదలుపెట్టాడు. మేజోడులో గుడ్డపేలికలు మడిచి పెట్టుకునేవాడు. దిగుడు వచ్చినప్పుడు ఎడమకాలు మెత్తగా వేయకుండా కర్రలా వేసేవాడు. ఇదంతా నేను చూశాను. మొహం చూసి ఏ పిల్లవాడు లెక్కలు చేసుకురాలేదో చెప్పగలిగే పంతులుకు ఇది కనపడలేదంటే నమ్మకండి. అడిగితే నొప్పి అని చెబుతాడు, చెబితే ఆగాలి. అందుకే అడగలేదు.

ఒకరోజు మోరీ కల్వర్టు దాటాక మొరం రోడ్డు దిగుడులో వాడు పడ్డాడు. పడడం కంటే ముందు చప్పుడు విన్నాను, ఎండిన జొన్నదంటు విరిచినట్టు. వాడు అరవలేదు. కూర్చుని రెండు చేతులతో ముంగాలు పట్టుకుని, "సారూ, నువ్వు పో. నేను మెల్లగొస్త" అన్నాడు. అటు వస్తున్న చెరకు బండి ఆపి, చెరకు మీద పడుకోబెట్టి ఇంటికి తెచ్చాను. దారి పొడవునా వాడు నా మెడలోని తువ్వాలు కొస పళ్ళ మధ్య పెట్టుకునే ఉన్నాడు.

వాళ్ళమ్మ అప్పుడే చేనుకు బయల్దేరుతోంది. కర్ణాటక సరిహద్దు నుంచి కాపురానికి వచ్చిన మనిషి, భర్త పోయాక ఒక్కతే కొడుకును పెంచింది. కాలు చూడగానే, "దవాఖానకు తోల్కపోదాం బిడ్డా, దవాఖానకే పోదాం" అంది. నేను వద్దన్నాను. దవాఖానలో సిమెంటు కట్టు వేసి రెండు నెలలు మంచంలో పడేస్తారు. న్యాల్‌కల్ దిక్కు ఒక ఊళ్ళో కట్లు కట్టే పహిల్వాన్ ఉన్నాడు, ఇరవై ఒక్క రోజుల్లో నడిపిస్తాడు. పోటీకి మిగిలినవి నలభై రోజులు, అందులో ఇరవై ఒకటి పోతే పంతొమ్మిది. ఆ పొద్దున నా తలలో తిరిగిన లెక్క ఇదే. ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. "సదువుకున్నోనివి. నువ్వెట్లంటే అట్లనే" అంది.

పహిల్వాన్‌ను నేను తప్పుపట్టను. మా నాన్న మణికట్టు విరిగితే ఆయనే అతికించాడు, చుట్టుపక్కల ఆయన చేతిలో బాగుపడని ఇల్లు లేదు. ఆయన కోడిగుడ్ల సొన, మినప్పిండి, ఏదో నల్లటి ఆకుపొడి కలిపి మోకాలి కింది నుంచి వేళ్ళ కొసల దాకా మందంగా పూశాడు. మీద గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి, తాడు బిగించాడు. గుడ్డలోంచి బయటికొచ్చిన వేళ్ళు కూడా లేపంలో మునిగి బొగ్గు ముక్కల్లా ఉన్నాయి. చివరి ముడి వేసేటప్పుడు నా వేలు పట్టుకుని ముడి మీద పెట్టాడు. అది ఆయన పద్ధతి, రోగిని ఎవరు తెస్తే వాళ్ళ వేలు మీదే ముడి పడాలి.

"తెచ్చినోనిదే జిమ్మా" అని బాధ్యత నాకు అప్పజెప్పాడు. "ఇరవై ఒక్క దినాలు ఎవ్వడు ఇప్పొద్దు. మధ్యల ఇప్పితే బొక్క వంకర అతుకుతది. గుడ్డు కట్టు, వాసనొస్తది. దురద వెడ్తది. ఏడుస్తడు, ఇప్పుమంటడు. నువ్వు ఇనకు."

వాడి ఏడుపు నేను వింటానా? పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా ఆ మాటలన్నీ మనసులో రాసుకున్నాను.

మొదటి రోజు సాయంత్రం బడి నుంచి నేరుగా వాళ్ళింటికి పోయాను. వాళ్ళమ్మ ఇంకా చేనులోనే ఉంది, కొడుకు సంపాదన ఆగింది కాబట్టి ఆమె కోతలు మానడానికి లేదు. వాడి మొహం పాలిపోయి ఉంది. "సారూ, జర సడలు జెయ్యరాదు? కాలు పగుల్తున్నట్టుంది" అన్నాడు. ఓర్చుకోమన్నాను. రెండో రోజు అదే మాట అడిగాడు, ఈసారి ఏడుస్తూ. మంచం పక్కన కత్తెర ఉంది, తాడు అంచున రెండు పోగులు తెగి ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. చిన్నపిల్లలను తిట్టినట్టు తిట్టాను. మిషను మీదున్న పెద్ద కత్తెర, ఆ చిన్న కత్తెర రెండూ తీసి నా సంచిలో వేసుకున్నాను. కత్తెర లేని టైలరు ఇల్లు చేసి పోయాను. కత్తెరలేవని వాళ్ళమ్మ అడిగితే సాన పట్టించడానికి ఇచ్చానని చెప్పాడట.

మూడో రోజు వాడు నవ్వుతూ కనపడ్డాడు. నొప్పి పోయింది! దిండుకు ఆనుకుని చాయ తాగుతూ, పోటీకి నాకు కొత్త నిక్కరు కుడతానని, ఈసారి ముందూ వెనకా ఒకటే రంగని అన్నాడు. నేను పొంగిపోయాను. చూశావా, ఓర్చుకున్నావు, నెగ్గావు అన్నాను. బయట వాళ్ళమ్మ చేను నుంచి వస్తూ ఎదురై, "ఎట్లున్నది బిడ్డా?" అంటే, "ఫికర్ లేదవ్వా, నొప్పి పోయింది" అని ధీమాగా చెప్పాను. ఆమె ఆకాశం వైపు చేతులెత్తి దండం పెట్టింది.

నాలుగో రోజు వాసన మొదలైంది. పహిల్వాన్ ముందే చెప్పాడు కదా, గుడ్డు కట్టని. ఆమె ఊదు పొగ వేసింది. పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు. "ఇంట్ల కోళ్ళ ఫారం పెట్టినవా?" అని నేను పరాచికాలాడాను, వాడూ నవ్వాడు. వాడి కళ్ళు మాత్రం జ్వరంతో ఎర్రగా ఉన్నాయి. విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు ఒళ్ళు వేడెక్కుతుందని నేనే వైద్యం చెప్పాను.

ఐదో రోజు సాయంత్రం అన్న వచ్చాడు. డ్యూటీ దిగి సంగతి విని, ఖాకీ బట్టలతోనే వచ్చాడు. గడపలో ఒక కాలు పెట్టి ఆగిపోయాడు.

"ఇది గుడ్డు వాసన గాదురా" అన్నాడు.

నేను పహిల్వాన్ చెప్పిందంతా ఒప్పజెబుతుంటే ఆయన వినలేదు. మంచం దగ్గర గొంతుక్కూర్చుని, టికెట్లకు చిల్లు పెట్టే పంచ్ జేబులోంచి తీసి, దాని మొనతో వాడి బొటనవేలిని గట్టిగా నొక్కాడు. టైలరు నా వైపు చూస్తూ సంగారెడ్డి మైదానం ఎంత పెద్దగా ఉంటుందో చెబుతున్నాడు. అన్న ఇంకా గట్టిగా నొక్కాడు. వాడు చాయ గుటక వేసి, ఆ మాటే కొనసాగించాడు. వేలిని ఎవరైనా ముట్టుకున్నారని కూడా వాడికి తెలియలేదు.

అన్న తల తిప్పి నన్ను చూశాడు. "కత్తెర ఏది?" అన్నాడు.

నా సంచిలోంచి తీసి ఇచ్చాను. టైలరు కత్తెర నా సంచిలో ఎందుకుందో ఆయన అడగలేదు. తాడు తెంపాడు, బద్దలు ఊడదీశాడు, గుడ్డ విప్పాడు. నేను చెంబుతో నీళ్ళు పోస్తే పాదం కడిగాడు. లేపం కరిగి పోయింది. నలుపు పోలేదు. ఇంకోసారి పోయమన్నాడు, పోశాను. అప్పటికి టైలరు మాట్లాడడం ఆపి తన కాలు తనే చూస్తున్నాడు.

ఊళ్ళో దవాఖానలో చూసి ఆలస్యం చేయొద్దని హైదరాబాద్ పంపారు. వాళ్ళమ్మ చేను నుంచి మట్టికాళ్ళతోనే బస్సెక్కి మా వెనకే వచ్చింది. అక్కడి డాక్టరు కుర్రవాడే, కానీ కోపంతో ఊగిపోయాడు. "ఐదు రోజులు! రెండో రోజు విప్పినా కాలు దక్కేది. విప్పొద్దని ఆపిందెవరు?" అని వరండా అంతా వినపడేలా అరిచాడు. ఒకవైపు ఆ తల్లి, ఒకవైపు అన్న. నేనే అనడానికి రెండక్షరాలు చాలు, అవి రావడం లేదు.

స్ట్రెచర్ మీది నుంచి వాడే జవాబు చెప్పాడు. "నేనే డాక్టర్ సాబ్. మా సారు రెండో దినమే ఇప్పుదమన్నడు. ఎంత చెప్పినా నేనే ఇనలే."

ఆమె కొడుకును చూసి, నా దగ్గరకు వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నువ్వన్నా చెప్పినవ్ బిడ్డా" అని ఏడ్చింది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. అన్న అప్పుడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాతోనే ఉంది. మర్నాడు మోకాలి కింద కాలు తీసేశారు. అన్న మళ్ళీ ఎప్పుడూ నాతో కలిసి పరుగెత్తలేదు. కొన్నాళ్ళకు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు.

టైలరు ఆరు నెలలకు మిషను ఎక్కాడు. కుడికాలు ఒక్కదానితో తొక్కడం నేర్చుకోవడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. నేను వారం వారం పోయేవాణ్ణి. మా బడిపిల్లల బట్టలన్నీ వాడికే ఇప్పించాను. నేను పోయినప్పుడల్లా వాళ్ళమ్మ ఇంట్లో ఎవరుంటే వాళ్ళకు నన్ను చూపించి, "ఈ సారు చెప్పిండు, నా కొడుకే మొండోడు, ఇనలే" అనేది. కూరగాయలమ్మితో అంది, పోస్టుమాన్‌తో అంది, నా పెళ్ళయ్యాక నా భార్యతో కూడా అంది. నేను తలవంచుకుంటే అది నా మంచితనమనుకునేవాళ్ళు.

ఏడెనిమిదేళ్ళు అలాగే గడిచాక, ఎనభైల నడుమ ఒక మధ్యాహ్నం, ఇక తట్టుకోలేక అడిగాను. ఆమె లోపల రొట్టెలు చేస్తోంది. వాడు ఒక చొక్కాకు కాలరు వేస్తున్నాడు. ఆ రోజు ఎందుకలా చెప్పావు, నన్నెందుకు కాపాడావు అన్నాను. ఇవాళైనా మీ అమ్మకు నిజం చెప్పేస్తానన్నాను.

వాడు మిషను ఆపాడు. "చెప్పకు" అన్నాడు. "కాలు ఎట్లయినా పోతుండె సారూ. నిజం చెప్తే మా అవ్వ నిన్ను మళ్ల ఈ గడప తొక్కనిస్తుండెనా? నువ్వు గూడ పోతుంటివి. ఒక్కటేపారి రెండు పోతే నేనెట్ల బతకాలె?"

లోపలి నుంచి ఆమె పిలిచింది. "సారూ, రొట్టె వేడిగున్నది, తినిపో బిడ్డా. నువ్వు గాకుంటే ఎవరున్నరు మాకు." లేచి లోపలికి పోయి, ఆమె ముందు కూర్చుని తిన్నాను.